పువ్వు ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఫోటో చెడేది అంచుల్లో

మా వీధిలో పొద్దున్న ఆరింటికి రెండు రకాల మనుషులు తిరుగుతుంటారు. ప్లాస్టిక్ కవరు పట్టుకుని పూజకి పూలు కోసుకునేవాళ్లు ఒక రకం. ఫోన్ పట్టుకుని తిరిగే నేను రెండో రకం. వాళ్లకన్నా పది నిమిషాలు ఆలస్యంగా లేచానా, ఇక ఆ రోజుకి మందార చెట్టు మీద ఆకులే. అందుకే విజయనగరంలో పూల ఫోటోలు ఎలా తీయాలని ఎవరైనా అడిగితే ముందు అలారం గురించే చెప్తాను. కెమెరా సంగతి తర్వాత.

మొన్నామధ్య ఫోన్ మెమరీ నిండిపోతే పాత పూల ఫోటోలు తీసేద్దామని కూర్చున్నాను. ఏది ఎందుకు తీసేస్తున్నానో ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. మూలన తెల్లటి గోడ ముక్క. రేకు కొస తెగింది. పక్కన సగం మొగ్గ. వెనకాల బట్టల తాడు. కింద ఎండుటాకు. పేజీ నిండాక చూసుకుంటే పువ్వు బాలేదని తీసేసింది ఒక్కటీ లేదు. గొడవంతా అంచుల్లోనే. ఫోటో తీసేటప్పుడు మన కళ్లు పువ్వు నడుమ అతుక్కుపోతాయి, నాలుగు వైపులా ఏం జరుగుతోందో ఫోన్ చూస్తుంది గానీ మనం చూడం. ఇక్కడ నేను చెప్పేదంతా ఆ నాలుగు వైపుల గురించే. తీసేటప్పుడు ఎలా చూసుకోవాలి, తీశాక ఎక్కడ కత్తిరించాలి అని.

ఏ పువ్వు, ఎన్నింటికి

మనవైపు హైదరాబాదు కన్నా దాదాపు 20 నిమిషాల ముందే తెల్లవారుతుంది. జూన్ మొదట్లో అయిదుంపావు దాటగానే సూర్యుడు కనిపిస్తాడు. జనవరిలో ఆరున్నర దగ్గర పడుతుంది. అక్కణ్ణుంచి గంటన్నర మనది. ఆ తర్వాత ఎండ గట్టిపడి రేకుల మీద తెల్ల మచ్చలు, రేకుల మధ్య నల్ల నీడలు మొదలవుతాయి. రెండో ఇబ్బంది గాలి. నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి లోపలికి తోసుకొస్తుంది, మనకి సముద్రం పెద్ద దూరం కూడా కాదు. పదీ పదకొండయ్యేసరికి కాడ మీది పువ్వు తల ఊపుతూనే ఉంటుంది. పొద్దున్నే అయితే ఆకు కూడా కదలదు.

పువ్వులకీ వాటి వేళలు ఉన్నాయి. గుమ్మడి పువ్వు తెల్లవారేలోపే విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. బీరపూలు, ఆనపపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాబట్టి పాదు మీద పసుపుదీ తెల్లదీ రెండూ కావాలంటే అయిదింటికి పెరట్లోకి వెళ్లండి. చంద్రకాంతలూ ఆ వేళవే. పారిజాతాన్ని చెట్టు మీద తీయాలని తాపత్రయపడకండి, తెల్లారేసరికి నేల మీద బోర్లా పడి నారింజరంగు కాడలు పైకి పెట్టుకుని ఉంటాయి. అదే దాని అసలు ఫోటో. మందారం చాలావరకు ఒక్కరోజు పువ్వు. ఇవాళ వద్దులే, రేపు తీద్దాం అనుకుంటే రేపటికి వేరే పువ్వే ఉంటుంది.

మొదటి నెలంతా ఒకటే చెట్టు పెట్టుకోండి. నా మట్టుకు నాకు పక్కింటి మామ్మగారి రేక మందారం. ఆవిడ నన్ను మొదటిసారి గోడ మీద మోచేతులు ఆన్చి వంగి ఉండగా చూసి, "ఏటి బాబూ, పువ్వుకి ఎక్సరే తీస్తన్నావేటి?" అన్నారు. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు నా ఫోటో అయ్యేదాకా బుట్ట పట్టుకుని ఆగుతారు. ఎంతసేపన్నది వేరే సంగతి.

జానెడు ఎడం

దగ్గరి ఫోటో అంటే ఫోన్ తీసుకెళ్లి పువ్వు ముక్కు మీద పెట్టడం అనుకుంటాం. అలా పెడితే రెండు తప్పులు జరుగుతాయి. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా బెత్తెడు దూరంలో ఉన్నదాన్ని ఫోకస్ చేయలేదు. పైగా ఆ లెన్సు వెడల్పుగా చూసేది కాబట్టి, ముందున్న రేకు ఉబ్బిపోయి వెనక రేకులు చిన్నబోతాయి. పెళ్లిలో ఎవరో మరీ దగ్గరికొచ్చి సెల్ఫీ తీస్తే మన ముక్కు ఎలా వస్తుందో, అలా.

జానెడు దూరంలో ఉండి 2 రెట్లు జూమ్ చేయండి. రేకుల ఆకారం నిజంగా ఉన్నట్టే వస్తుంది, మీ తల నీడా ఫోన్ నీడా పువ్వు మీద పడవు, వెనకాల కనిపించే చెత్త కూడా సగానికి సగం తగ్గుతుంది. 50 మెగాపిక్సెల్ ఫోన్లు మామూలుగా నాలుగేసి చుక్కల్ని కలిపి పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫోటో ఇస్తాయి. అంటే నడుమ పావు భాగంలోనే అన్ని చుక్కలు ఉంటాయి, అందుకే 2 రెట్ల వరకు జూమ్‌తో పెద్దగా నష్టం ఉండదు. 5, 10 రెట్లు అని లాగకండి. జూమ్‌కి విడిగా లెన్సు లేని ఫోన్లో అది ఉత్త కత్తిరింపే, ఇంటికొచ్చి తీరిగ్గా మీరే కత్తిరించుకోవచ్చు.

మాక్రో బటన్ మీద పువ్వు బొమ్మ వేసి ఉంటుంది. ఆ బొమ్మ చూసి మోసపోవద్దు. ఖరీదైన ఫోన్లలో అది నిజంగానే బాగా పనిచేస్తుంది. తక్కువ ధర ఫోన్లలో మాత్రం మాక్రో కోసం విడిగా ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా పెడతారు, దానికన్నా మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించిన ఫోటోయే మేలు. ఒకే పువ్వుని రెండు రకాలా తీసి పక్కపక్కన పెట్టుకుని చూడండి, మీ ఫోన్ సంగతి మీకే తెలిసిపోతుంది.

పెద్ద కెమెరా ఉన్నవాళ్లకి ఒక్క మాట. దగ్గరికి వెళ్లేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం దారుణంగా తగ్గిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (పాత ఫిల్మ్ రీలు గడంత సెన్సర్ ఉన్నది, సెన్సర్ అంటే లోపల వెలుగుని పట్టే పలక) వస్తువు ఎంతుందో సెన్సర్ మీద అంతే పడేంత దగ్గరికి వెళితే, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు. ఊపిరి తీసుకుంటే చాలు, ఫోకస్ కేసరం మీంచి రేకు మీదకి జారిపోతుంది. మోచేతులు గోడకో మోకాలికో ఆన్చండి. ఫోన్ వాళ్లైనా అంతే. ఆన్చడానికి ఏమీ లేకపోతే బటన్ నొక్కిపట్టి వరసగా పది తీసి, అందులో ఒకటి ఏరుకోండి.

వెలుగు తగ్గించడం

పువ్వు మీద వేలితో తాకితే ఫోకస్ అక్కడ కుదురుతుంది. నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో లాక్ అవుతుంది. పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగండి. ఎంత అంటే, రేకు మీద గీతలు మళ్లీ కనబడేంత. ఎర్ర మందారానికి ఇది తప్పనిసరి. ముదురు ఎరుపు సెన్సర్‌ని తొందరగా నింపేస్తుంది. అలా నిండిపోతే రేకు మీది ఈనెలు, మడతలు అన్నీ పోయి కుంకం ముద్దలా మిగులుతుంది. తర్వాత ఎంత ఎడిటింగ్ చేసినా ఆ గీతలు వెనక్కి రావు, ఎందుకంటే ఫైల్‌లోనే లేవు.

తెల్లపూలకి లెక్క మారుతుంది. ముదురు ఆకుల మధ్య ఒక్క నందివర్ధనం ఉంటే ఫోన్ ఆకుల్ని చూసి వెలుగు పెంచేస్తుంది, పువ్వు సున్నం కొట్టినట్టు అవుతుంది. అప్పుడు తగ్గించాలి. అదే ఫ్రేమ్ అంతా తెల్ల చామంతులే అయితే ఫోన్ కంగారుపడి తెలుపుని బూడిదరంగు చేస్తుంది. అప్పుడు పెంచాలి.

ఎండ తప్పకపోతే పలచటి తెల్ల గుడ్డ అడ్డం పెట్టండి. మా ఇంట్లో నాన్నగారి పొందూరు ఖద్దరు పంచె ఒకటుంది. దాన్ని ఇద్దరం చెరో కొస పట్టుకుంటే మిట్టమధ్యాహ్నం ఎండ కూడా మబ్బుపట్టిన రోజులా మెత్తబడుతుంది. పంచె తీసినట్టు ఆయనకి చెప్పలేదు.

వెనకాల ఏముంది

ఇది చిన్న పనే గానీ సగం ఫోటోలు ఇక్కడే నిలబడతాయి. ఫోకస్ కుదిరాక పువ్వుని వదిలేసి, ఫోన్‌ని జానెడు ఎడమకి, జానెడు కుడికి, మోకాళ్లు వంచి కిందికి జరుపుతూ వెనకాల ఏం మారుతోందో చూడండి. పువ్వు అలాగే ఉంటుంది. వెనక మాత్రం నీలం వాటర్ ట్యాంకు పోయి పచ్చటి అరటాకు వస్తుంది. ఒక్క అడుగు చాలు.

పువ్వుకీ వెనకున్న దానికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే అది అంత మెత్తగా కరిగిపోతుంది. గోడకి ఆనుకున్న పువ్వు ఎప్పుడూ గోడతోనే వస్తుంది. వీలైతే వెనక నాలుగడుగుల ఖాళీ ఉన్న కొమ్మనే ఎంచుకోండి. నల్లటి వెనక కావాలంటే స్టూడియో అక్కర్లేదు. పువ్వు మీద పొద్దుటి ఎండ పడుతూ, దాని వెనక తెరిచి ఉన్న వసారా తలుపు లోపలి చీకటి ఉండేలా నిలబడండి. పువ్వు వెలుగుకి ఫోన్ సర్దుకోగానే వసారా నల్లబడిపోతుంది. మామ్మగారి మందారానికి నేను తీసిన వాటిలో నాకు బాగా నచ్చినది అలా వచ్చిందే. ఆ నలుపులో ఆవిడ సైకిలు, గ్యాస్ బండ రెండూ ఉన్నాయి. ఎవరికీ కనబడవు.

అడ్డొచ్చే కొమ్మని విరవకండి. బట్టల క్లిప్పుతో పక్కకి పట్టి ఉంచి, పనయ్యాక వదిలేయండి. మందార కొమ్మలకి తెల్లగా పిండినల్లి పట్టి ఉంటుంది, మామూలుగా కనబడదు గానీ దగ్గరి ఫోటోలో కొబ్బరికోరు చల్లినట్టు కనిపిస్తుంది. చూసుకుని వేరే పువ్వు దగ్గరికి వెళ్లడమే. ఇక పువ్వు మీద నీళ్లు చల్లి మంచు బొట్లని చెప్పేవాళ్లున్నారు. నాకు నచ్చదు. మనకి పుష్యమాసంలో అసలు మంచే కావలసినంత పడుతుంది.

మందారం దగ్గర ఒక పది నిమిషాలు

ఇప్పుడు అసలు పని. మందారానికి అయిదు రేకులు, మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చిన కేసరాల కాడ. కాడ చుట్టూ పసుపు పుప్పొడి గింజలు, చివరన అయిదు ఎర్ర చుక్కలు. అందరం మొదట దీన్ని ఎదురుగా నిలబడి తీస్తాం. అప్పుడేమవుతుందంటే కాడ కొస మన వైపు ఉంటుంది, రేకులు దానికి రెండు మూడంగుళాలు వెనక ఉంటాయి. కొస మీద ఫోకస్ పెడితే రేకులు మసక. రేకుల మీద పెడితే మధ్యలో ఎర్రటి ముద్ద. రెండూ కుదరవు.

పక్కకి రండి. కాడ ఫోన్ తెరకి అడ్డంగా, ఈ కొసా ఆ కొసా సమాన దూరంలో ఉండేలా నిలబడండి. ఇప్పుడు అయిదు చుక్కలూ, పుప్పొడీ, కాడ మొదలూ అన్నీ ఒకే ఫోకస్‌లోకి వస్తాయి. పువ్వు ఏదైనా సరే, దానిలో ముఖ్యమైన భాగాన్ని ఫోన్ తెరకి సమాంతరంగా తెచ్చుకోండి.

తర్వాత ఫ్రేమ్. నేను ఒకరోజు తీసిన వరస చెప్తాను. మొదటిది పువ్వు మొత్తం నడుమ, చుట్టూ ఆకులు. తప్పేం లేదు, చూడడానికీ ఏం లేదు. రెండోదానికి దగ్గరికి జరిగాను. రేకులు ఫ్రేమ్‌ని నింపాయి, కానీ కాడ కొస కుడి అంచుని సరిగ్గా తాకింది, పై రేకు కొస పై అంచుని తాకింది. అన్నిటికన్నా చెడ్డ పని ఇదే. అంచుకి తగిలీ తగలనట్టున్న కొస మీదకే చూపు పోతుంది. పెదాలకి అంటిన అన్నం మెతుకులాగ, ఒకసారి కనబడిందా ఇక అదే కనబడుతుంది. మూడోదానికి ఫోన్‌ని కుడికి రెండంగుళాలు జరిపాను. ఎడమవైపు రేకులు సగానికి పైగా తెగిపోయాయి. కుడివైపు కాడ ముందు ఖాళీ వచ్చింది. కాడ ఇప్పుడు ఎడమ కింది నుంచి కుడి పైకి ఏటవాలుగా లేచింది. రేకులు తెగినా ఎవరికీ లోటు అనిపించదు, పువ్వు ఫ్రేమ్ బయట కూడా ఉందని తెలుస్తుంది.

కోస్తే గట్టిగా కోయండి, లేదా బాగా వదలండి. రేకులో మూడో వంతైనా పోవాలి, లేకపోతే కొసకీ అంచుకీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. రెండింటి మధ్యలో ఆగకండి. కాడ గానీ మొగ్గ గానీ ఎటు చూస్తుంటే అటువైపు ఎక్కువ చోటు ఇవ్వండి.

బటన్ నొక్కేముందు అంచు చుట్టూ కళ్లతో ఒక ప్రదక్షిణ చేయండి. పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, పైన, కుడి, కింద, ఎడమ. అయిదు సెకన్ల పని. తెల్లగా మెరిసేది ఏదైనా ఉందా, సగం తెగిన మొగ్గ ఉందా, ఎక్కణ్ణుంచో దూరిన పుల్ల ఉందా. నెల రోజులు బలవంతంగా చేస్తే తర్వాత అదే అలవాటైపోతుంది.

అలవాటయ్యేదాకా ఒక చిట్కా ఉంది. పాత శుభలేఖ ఒకటి తీసుకుని మధ్యలో 4 అంగుళాలకి 3 అంగుళాల కిటికీ కత్తిరించండి. ఫోన్ జేబులో పెట్టేసి, ఒక కన్ను మూసి ఆ కిటికీలోంచి పువ్వుని చూడండి. దగ్గరికి, దూరానికి, వంకరగా తిప్పుతూ చూడండి. ఫోన్ తెర మీద పువ్వు రంగు మాయ చేస్తుంది. అట్ట ముక్క ఏ మాయా చేయదు, అంచులు నాలుగూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

తెర మీద అడ్డగీతలు, నిలువుగీతలు పెట్టుకుని మూడో వంతు దగ్గర పువ్వుని ఉంచాలని అందరూ చెప్తారు. మొదట్లో పనికొస్తుంది. కానీ పైనుంచి తీసిన బంతి, ఎదురుగా చూస్తున్న తామర లాంటి గుండ్రటి పూలు నడుమనే బాగుంటాయి. షరతు ఒకటే, నడుమ అంటే సరిగ్గా నడుమ ఉండాలి. కాస్త పక్కకి జరిగితే మాత్రం గోడ మీద ఒరిగిన పటంలా ఉంటుంది.

గుంపుగా ఉన్న పూలకి ఇంకో పద్ధతి. పైడితల్లి అమ్మవారి పండగ రోజుల్లో మా ఊళ్లో బంతిపూలు రాశులుగా పోసి అమ్ముతారు. ఆ రాశిని ఒక మూల నుంచి ఇంకో మూల దాకా పూలతోనే నింపేయండి. తట్ట అంచు, తూకం రాయి, అమ్మే ఆవిడ చెయ్యి ఏదీ వద్దు. పసుపు బంతుల్లో ఒక్క నారింజ బంతి ఉన్న చోటు వెతకండి. అడిగి తీయండి, బేరం వేళలో అడ్డం పడకండి, తీశాక పావుకిలో కొనండి.

శ్రీకాకుళం వైపు ఉద్దానంలో జీడిమామిడి పూత తీసినప్పుడు నేను చాలా తప్పులు చేశాను. ఒక్కో పువ్వు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. దగ్గరగా చూస్తే లేత రంగు రేకుల మీద ఎర్ర చారలు, ముదిరిన పూలు గులాబీ ఎరుపు. ఒక్క పువ్వు కోసం ప్రయత్నించి పూటంతా పోగొట్టుకున్నాను. తర్వాత అర్థమైంది, చిన్న పూలకి గుత్తే పువ్వు అని. గుత్తి మొత్తాన్ని ఒక ఆకారంగా చూసి, అందులో ఒక్క విచ్చిన పువ్వు మీద ఫోకస్ పెట్టి, మిగతావి మసకబారనిస్తే సరిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని చాలావరకు నేలమట్టం చేసింది. తర్వాత వేసిన మొక్కలు అప్పటికింకా మరీ పెద్దవి కాలేదు కాబట్టి, నేను చూసినచోట పూత ఛాతీ ఎత్తులోనే అందింది. రైతుకి జరిగిన నష్టం ముందు ఇదేం లెక్క కాదు గానీ, నిచ్చెన అవసరం పడలేదు.

ఇంటికొచ్చాక కత్తిరింపు

తీసిన వెంటనే కత్తిరించకండి. పొద్దున్న తీసింది రాత్రి చూస్తే పువ్వు మీద మోజు కొంచెం తగ్గి, అంచులు కనబడతాయి. ఎడిట్ చేసేటప్పుడు కాపీ మీదే చేయండి, అసలుది అలాగే ఉండాలి. స్నాప్‌సీడ్ అయినా, ఫోన్ గ్యాలరీలో ఉన్నదైనా చాలు.

ముందు ఈ ఫోటో ఎక్కడికి వెళ్తుందో తేల్చుకోండి. దీన్ని వదిలేసి నేను ఒకసారి దెబ్బతిన్నాను. చెల్లెలి గృహప్రవేశానికి ఇద్దామని ఒక తామర ఫోటోని, రేకుల కొసలు అంచుకి సరిగ్గా వేలెడు దూరంలో ఉండేలా ముచ్చటగా కత్తిరించి, 6×4 సైజులో ప్రింట్ వేయమని ఒక స్టూడియోలో ఇచ్చాను. ప్రింట్ వచ్చాక చూస్తే పై రేకు కొస లేదు. తప్పు మిషన్‌ది కాదు. ఫోన్ ఫోటో 4కి 3, కాగితం 3కి 2. వెడల్పు నిండేలా వేస్తే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. అడక్కుండా కోసేశారని నేను గొడవపడ్డాను, అడగాల్సింది మీరే అని వాళ్లన్నారు. ప్రింట్ కోసమైతే మీరే ముందు 3కి 2లో కత్తిరించి ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్‌కి నిలువుగా 4కి 5 బాగుంటుంది. స్టేటస్‌కి 9కి 16, అంటే బాగా పొడుగు. కాడతో సహా తీసిన పూలే అందులో ఇముడుతాయి.

ఎంత కత్తిరించవచ్చు అన్నది లెక్క. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000కి 3000 చుక్కలు. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచితే 2000కి 1500, అంటే 3 మెగాపిక్సెల్. సగం కోశాం అనుకుంటాం గానీ ముప్పావు పోయింది. అయినా అంగుళానికి 300 చుక్కల చొప్పున 6×4 ప్రింటుకి 1800కి 1200 చాలు కాబట్టి పరవాలేదు. అదే 12×8 పటం కట్టించాలంటే 3600కి 2400 కావాలి. అప్పుడు తీసేటప్పుడే అంచులు సరిచూసుకుని ఉండాలి, ఇంటికొచ్చి కోయడానికి ఏమీ మిగలదు.

కత్తిరించేటప్పుడు కూడా చెడ్డ అంచు నుంచే మొదలుపెట్టండి. నా నందివర్ధనం ఫోటో ఒకటి చెప్తాను. మూడు పూలు, ఒక మొగ్గ, కుడివైపు సున్నం గోడ. ముందు గోడ తీసేశాను. దాంతో కుడి పువ్వు సగమైంది, రెండు రేకులు గాల్లో వేలాడుతున్నట్టున్నాయి. కాబట్టి ఆ పువ్వూ పోయింది. ఇప్పుడు రెండు పూలు ఒకే ఎత్తులో, రెండు కళ్లలాగ. ఏది చూడాలో తెలియదు. ఎడమదాన్ని కూడా కోసేశాను. మిగిలింది ఒక పువ్వు, దాని కింద మొగ్గ, నిలువు ఫ్రేమ్. నందివర్ధనం రేకులు గాలిమర రెక్కల్లా ఒకే వైపు మెలి తిరిగి ఉంటాయి కదా, ఆ మెలికే మొగ్గలో కూడా ఉందని అప్పుడు కనిపించింది. మూడు పూలున్నప్పుడు ఆ సంగతి నేను చూడనే లేదు.

పూల ఫోటోలో ఉన్న సుఖం, భూమి గీత కనబడదు కాబట్టి ఎటైనా తిప్పుకోవచ్చు. కాడ మరీ నిలువుగా ఉంటే కొంచెం వాల్చండి. తిప్పితే నాలుగు మూలల్లో కొంత పోతుంది, దానికి సరిపడా చోటు తీసేటప్పుడే వదిలి ఉంచుకోవాలి. రెండు చోట్ల మాత్రం తిప్పితే దొరికిపోతారు. మంచు బొట్టు కిందికే వేలాడాలి. వెలుగు కింది నుంచి వచ్చినట్టు ఉండకూడదు.

అయ్యాక ఫోటోని బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడండి, అప్పుడు కూడా ఏం పువ్వో తెలియాలి. తర్వాత తలకిందులు చేసి చూడండి. పువ్వు అని మర్చిపోతాం కాబట్టి అంచున మెరిసే మచ్చలు బయటపడతాయి. మచ్చ ఉంటే ఇంకొంచెం కోయండి, కోస్తే పువ్వుకి ఊపిరాడదనుకుంటే ఆ మచ్చని ముదురు చేయండి. ఎవరికైనా వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది ఫైల్‌ని నలిపి చిన్నది చేస్తుంది.

డీపీకి పెట్టేవైతే చతురస్రంగా కోస్తారు గానీ కనబడేది గుండ్రంగా. మూలల్లో అయిదో వంతు పైగా పోతుంది. మూలల్లో ఏ కొసా లేకుండా, పువ్వు నడుమకి కాస్త కుదించి పెట్టుకోవాలి. ఇది నాకు మామ్మగారి వల్లే తెలిసింది. వసారా నలుపు మీద మందారం ఫోటో చూసి, "నాకెట్టీ బాబూ, నా వాట్సాప్‌కి ఎట్టుకుంటాను" అన్నారు. నేను ఇంటికెళ్లి డీపీ కోసం ప్రత్యేకంగా గుండ్రానికి సరిపడేలా, కాడ కొస ముందు చోటు వదిలి, పదిసార్లు చూసుకుని పంపాను. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఇంకా పెద్దది చేసి పెట్టుకున్నారు. కాడ కొసన ఉన్న అయిదు చుక్కల్లో రెండు తెగిపోయాయి. "ఇప్పుడు పువ్వు బాగా అగుపిస్తంది" అన్నారు. ఇప్పటికీ అలాగే ఉంది. పొద్దున్నే ఆవిడ నుంచి గుడ్ మార్నింగ్ వచ్చిన ప్రతిసారీ నా కళ్లు ఆ రెండు చుక్కల దగ్గరికే పోతాయి.